పీట మీద ఫోను

శనివారం అంగడిలో కాగితాలు పంచుతున్న ఆవిడను దూరం నుంచే చూసి మంజుల టమాటల బండి చాటుకు తప్పుకుంది. లేతరంగు చీర, బొట్టులేని నుదురు, భుజాన సంచి, చేతిలో కాగితాల కట్ట. ఇంకేం కావాలి? చర్చి మనిషే అని తీర్మానించుకుంది. వాళ్ళంటే మంజులకు కోపమేమీ లేదు. కానీ ఇంట్లో అత్త కంటి బాధతో ఉంది. ఇలాంటప్పుడు ఇంకో దేవుడి కాగితం సంచిలో వేసుకుని గడప దాటితే మన దేవుడు ఏమనుకుంటాడోనని ఒక చిన్న భయం.

ఆవిడ బండి చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చింది.

"అక్కా, ఒక్క కాయితం తీస్కోండ్రి. సదువుకునేటోళ్ళకు మస్తు పనికొస్తది."

"మాకొద్దమ్మా. మాకు మా దేవుడున్నడు."

"మీ దేవుని పుస్తకాలు గూడ ఉన్నయి మా కాడ."

"మా దేవుని పుస్తకాలు మీ కాడెందుకుంటయమ్మా?" అని మంజుల కొత్తిమీర కూడా కొనకుండా ఆటో ఎక్కేసింది. వెనక నుంచి టమాటలాయన నవ్వు వినిపించింది. "పొద్దటి సంది గదే కథ. ఆమెను జూసి మంది ఉరుకుతనే ఉన్నరు."

కరీంనగర్‌లో మంజుల వాళ్ళు ఉండేది ఒక ఇంటి మీది అంతస్తులో, రెండు గదుల్లో. భర్త శ్రీహరి దోహాలో క్రేను నడుపుతాడు. ఇంట్లో ఆమె, అత్త బుచ్చవ్వ. ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను. దేవుడి గూడు వంటింటి మూలన ఉంటుంది. బుచ్చవ్వ పొద్దున లేచాక ముందు ఆ మూలకే తడుముకుంటూ పోతుంది. ఆ తడుముకోవడం ఈ మధ్య ఎక్కువైంది. కుడి కంట్లో పొర ముదిరిపోయింది, లోపల ఒత్తిడి కూడా పెరుగుతోంది, ఇక ఆలస్యం చేస్తే చూపు దక్కదు అని కళ్ళ డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఆపరేషన్‌కు ఒక సోమవారం ఖాయం చేశాడు.

బుచ్చవ్వ సరే అంది. కానీ ఒక షరతు పెట్టింది.

ఆమె పుట్టినింటి ఆచారం అది. బావి తవ్వినా, పెండ్లి చేసినా, ఇంట్లో ఎవరికి కత్తి తగలాల్సి వచ్చినా ముందుగా ఎర్రగుట్ట నర్సింహస్వామి మహాత్మ్యం ఏడు రోజులు చదవాలి. రోజుకు ఒకటే అధ్యాయం. ఎక్కువ చదవొద్దు, తక్కువ చదవొద్దు. మొదటి రోజు పుస్తకాన్ని పీట మీద పెట్టి పసుపు కుంకుమ అద్దితే, ఏడో నాటి హారతి దాకా దాన్ని పీట మీంచి లేపొద్దు. ఒక పుస్తకంతో మొదలుపెట్టి ఇంకో పుస్తకంతో ముగించొద్దు.

"సూపు పోతే పోనీ గని," అంది బుచ్చవ్వ, "దేవునికి సెప్పకుంట నా కంట్లె కత్తి పెట్టియ్య."

ఇంట్లో ఉన్న పాత పుస్తకాన్ని ఎప్పుడో చెదలు తినేసింది. మంజుల బస్టాండు దగ్గరి పుస్తకాల కొట్లన్నీ తిరిగింది. పూజ సామాన్ల దుకాణంలో అడిగితే, "అది అచ్చయితలేదమ్మా. స్వామి ఫోటో ఉన్నది, తాళంచెవుల గొలుసున్నది, తీస్కపోతవా?" అన్నాడు. ఆదిలాబాద్ వైపు ఎర్రగుట్టకే పోయి వచ్చిన వాళ్ళను అడిగింది. అక్కడా గొలుసులే అన్నారు. ఒక్కో రోజు గడిచే కొద్దీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర పొయ్యి మీద పెట్టి మరిచిపోతోంది. బట్టలు ఆరేసి, ఆరేశానా లేదా అని మళ్ళీ డాబా మీదికి పోయి చూస్తోంది. చివరికి ఏదైతే అదవుతుందని గ్రంథాలయానికి పోయింది.

లోపల బల్ల ముందు కూర్చున్నది అంగడిలో కాగితాలు పంచిన ఆవిడే!

మంజుల గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ తలెత్తి గుర్తుపట్టింది. కళ్ళల్లో నవ్వు.

"రాండ్రక్కా. గీడ బండి లేదు, దాసుకునేటందుకు."

మంజులకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నేను మీరు చర్చామె అనుకున్న మేడం."

"చర్చామెనే. పేరు దెబోరా. ఆదివారం చర్చిల ఉంట, మిగిలిన రోజులు లైబ్రరీల ఉంట. ఆ కాయితాలు గీ లైబ్రరీవి. ఫోన్ల పుస్తకాలు ఇస్తమని ఊరంత చెప్పుకుంట తిరుగుతున్న. ఎవ్వరికి ఎర్కలేదు. కొందరు నన్ను జూసి ఉరుకుతరు. కొందరు ఫోన్ల పుస్తకమేస్తే ఫోను బరువైతదా అని అడుగుతరు. చెప్పుండ్రి, ఏం పుస్తకం గావాలె?"

మంజుల చెప్పింది. దెబోరా కంప్యూటర్‌లో వెతికింది. కాగితం పుస్తకం లేదు. కానీ ఎవరో భక్తులు ఈ మధ్య దాన్ని మళ్ళీ అక్షరాలు కూర్చి గ్రంథాలయానికి ఒక ఇ-పుస్తకం ఇచ్చారు. ఆధార్ చూసి, సభ్యత్వం రాసి, మంజుల ఫోనులో ఏదో దించి, పుస్తకం తెరిచి చూపించింది. ఎర్రటి గుట్ట బొమ్మ, కింద పెద్ద అక్షరాలు. మంజుల అక్కడే రెండు చేతులూ జోడించింది.

"పైసలు లేవు. ఒక్కటే ప్రతి, ఒక్కసారికి ఒక్కలకే ఇస్తం. రెండు వారాలు మీ ఫోన్ల ఉంటది. గడువు అయిపోంగనే దానంతటదే ఎల్లిపోతది, మీరు తెచ్చి ఇచ్చే పని లేదు," అంది దెబోరా.

మంజుల చెవికి ఎక్కింది చివరి మాట ఒక్కటే. తెచ్చి ఇచ్చే పని లేదు. మిగిలినదంతా సంతోషంలో కొట్టుకుపోయింది.

ఇంటికి వచ్చేసరికి కబురు వచ్చి ఉంది. పెద్దపల్లి దగ్గర ఊళ్ళో పాలివాళ్ళలో ఒక పెద్దాయన పోయాడు. ఇక ఇంటికి మైల. మైలలో దీపం లేదు, పారాయణం లేదు. పుస్తకం ఫోనులో అలాగే ఉంది. మంజుల దాన్ని తెరవలేదు. తెరవని పుస్తకానికి గడువేముంటుంది అనుకుంది. పారాయణం మొదలుపెట్టిన నాటి నుంచే కదా లెక్క!

మైల తీరి, ఇల్లు కడిగి, తలస్నానాలు చేసి, ఆదివారం నాడు మొదలుపెడదామనుకుంటే బుచ్చవ్వకు ఇంకో అనుమానం వచ్చింది.

"గీ ఫోన్ల సినిమాలు సూసిండ్రు. ఊరోళ్ళ ముచ్చట్లన్ని మాట్లాడిండ్రు. అంటు, ముట్టు అనకుంట పట్టుకున్నరు. గిది పుస్తకమెట్లయితదే?"

"పంతులు గారిని అడిగిన అత్తమ్మా. పెట్టుకోవచ్చన్నడు. నేను పోయేసరికి ఆయనే ఫోన్ల పంచాంగం సూస్తుండు."

బుచ్చవ్వ కాసేపు ఆలోచించింది. "ఆయనకు నడిస్తే మనకు నడుస్తది తియ్యి."

మంజుల పసుపు నీళ్ళల్లో గుడ్డ ముంచి, బాగా పిండి, ఫోనును తుడిచింది. పీట మీద ముగ్గు వేసి, ఎర్రగుడ్డ పరిచి, ఫోనును నిలబెట్టింది. వెనక నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ. పక్కన తులసి. ఛార్జింగ్ వైరు గోడ నుంచి పీట దాకా పాకింది. బుచ్చవ్వ దాన్ని వేళ్ళతో తడిమి, "ఇదేంది, దేవునికి జంధ్యం లెక్క?" అంటే మంజులకు నవ్వు ఆగలేదు. మొదటి అధ్యాయం, గుట్ట ఎర్రబడిన కథ, గొంతెత్తి చదివింది. వంటింటి మూల గుడిలా అనిపించింది ఆమెకు.

ఆ సంతోషం కడుపులో దాచుకోలేక సాయంత్రం కింది వీధిలో భజనకు పోయి అందరికీ చెప్పింది. "మన లైబ్రరీల పుస్తకాలు ఫోన్లకిస్తుండ్రు. పైసలు లేవు. మన ఎర్రగుట్ట సామి పుస్తకం గూడ ఉన్నది." తాళాలు ఆగిపోయాయి. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఎట్లా తీసుకోవాలి, ఎవరిని అడగాలి, అత్తకు అక్షరాలు పెద్దగా కనబడతాయా అని ఒకటే ప్రశ్నలు. కింద ఉండే ఇంటి ఓనర్ల కోడలు నవత అయితే అక్కడికక్కడే తన అక్కకు ఫోను చేసింది. మంజుల దెబోరా కంటే బాగా వివరించానని మనసులో మురిసిపోయింది కూడా.

కష్టం సోమవారం నుంచి మొదలైంది. రెండో అధ్యాయం నడుమ ఫోను గణగణ మోగింది. అక్షరాల మీద శ్రీహరి ముఖం వచ్చి నిలబడింది, దోహాలో తీసుకున్న నల్లద్దాల ఫోటో.

"ఎవలు?"

"ఆయన."

"పుస్తకంలకెల్లి మాట్లాడుతరానె? మోగనియ్యి."

అది మోగి మోగి ఆగింది. మధ్యాహ్నం మళ్ళీ మోగింది. మరుసటి రోజూ అంతే. రెండు రోజులు ఇంటి నుంచి గొంతు వినబడకపోతే అక్కడున్న మనిషి ఏమవుతాడు? తల్లి కన్ను ఏమైందోనని శ్రీహరి నవత భర్తకు ఫోను చేశాడు. నవత మెట్లెక్కి ఉరికి వచ్చింది. "అక్కా, అన్న పరేషాన్ అయితుండు!" మంజుల నవత ఫోనులో విషయం చెప్పింది. "అంటే నేను ఏడు దినాలు దేవునికి అడ్డమొస్తున్ననా?" అన్నాడు శ్రీహరి. నవ్వాడో, నొచ్చుకున్నాడో తెలియలేదు. అది ఒకటి ఆమె గుండెలో గుచ్చుకుని ఉండిపోయింది.

గురువారం ఐదో అధ్యాయం. పేజీ తిప్పగానే తెర పైనుంచి ఒక పట్టీ జారింది. "ఈ పుస్తకం గడువు రేపటితో ముగుస్తుంది. మరొకరు ఎదురుచూస్తున్నారు. పొడిగించడం వీలుకాదు."

మంజుల నోరు చదువుతూనే ఉంది, కళ్ళు మాత్రం ఆ పట్టీ మీదే ఉన్నాయి. ఇవాళ ఐదు. రేపు ఆరు. ఎల్లుండి? ఎల్లుండికి పుస్తకమే లేదు. వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడసాగాయి.

"ఏమైంది పిల్లా? దేవుణ్ణి ఉరికిస్తున్నవ్?"

"ఏం లేదత్తమ్మా."

ఎట్లాగో అధ్యాయం ముగించి, కంటి చుక్కల మందు తెస్తానని చెప్పి, గ్రంథాలయానికి ఆటోలో పోయింది. దారిలో ప్రతి ఎర్రదీపం దగ్గరా ఆమె కాళ్ళే ముందుకు పోతున్నట్టు ఊగాయి.

దెబోరా అంతా విని నుదురు రుద్దుకుంది. "అక్కా, పుస్తకం తీస్కున్న నాటి సందే లెక్క. తెరిసిండ్రా లేదా మిషిన్‌కేం ఎర్క?"

"మైల మేడం. మైలల ఎట్ల తెరుస్త?"

"నాకర్థమైతది. మా అవ్వ పొద్దుగాల వాక్యం సదువనిది చాయ గూడ ముట్టది. గని పొడిగియ్యరాదు. మీ ఎన్క ఐదుగురున్నరు."

"ఐదుగురా! వాళ్ళెక్కడికెల్లి వచ్చిండ్రు?"

"మీరే పంపిస్తిరి గద! మంజులక్క చెప్పింది, భజనల చెప్పింది అనుకుంట వచ్చిండ్రు. ఒకాయనైతే నస్పూర్ కెల్లి. ఇన్నొద్దుల సంది నేను అంగళ్ళల్ల తిరిగితే రానోళ్ళు, మీరు ఒక్కపూట చెప్తే వచ్చిండ్రు." దెబోరా ముఖంలో సంతోషం ఉంది, దాన్ని దాచుకోవాలన్న ఇబ్బందీ ఉంది.

మంజులకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తన నోరే తన మొక్కుకు అడ్డం పడింది. మరి మంచి మాట చెప్పడం తప్పా? తప్పు కాదు. కాకపోతే మంచికి కూడా వరుస ఉంటుందని ఎవరికి తెలుసు?

"ముందున్నాయనను ఒక్కరోజు ఆగుమనరాదా?"

"ఆయన ఆగుతనన్నా, పుస్తకం ఆయన్ను దాటి ఇంకొకలకు పోతది. మీ కాడికి మళ్ళ రావాల్నంటే అందరయినంకనే. అయినా ఆయనకు చెప్పి సూస్త. ఆయన సరేనంటే మీ నంబరియ్యొచ్చునా?"

"ఇయ్యిండ్రి."

దెబోరా అక్కడే ఫోను చేసింది. అవతల మోగలేదు. సిగ్నలు లేని చోట ఉన్నాడు. విషయమంతా రాసి పంపింది.

శుక్రవారం ఆరో అధ్యాయం అయ్యాక నవత పైకి వచ్చింది. మంజుల ఆమెకు మాత్రమే చెప్పుకుంది. నవత తన ఫోను తీసి గుసగుసగా అంది. "గింతదానికేనా అక్కా? రేపటి అధ్యాయం తెరువు. నేను ఫోటోలు కొడ్త. రేపు నా ఫోన్ల సూసి సదువు."

మంజుల వేలు పేజీ దాకా పోయింది. ఎంత సులువు! ఎవరికి తెలుస్తుంది? దేవుడికి తప్ప? అక్కడే వేలు ఆగిపోయింది.

"ఏం జేస్తుండ్రే ఇద్దరు?" మంచం మీంచి బుచ్చవ్వ అడిగింది. చూపు తగ్గినా చెవులు పాము చెవులు.

నవత నోరు జారి ఉన్నదంతా చెప్పేసింది. బుచ్చవ్వ లేచి కూర్చుంది.

"ఫోటోకు దండేస్తం, దండం పెడ్తం. ఫోటోను సదువుతమా?" అంది. "అడిగి తెచ్చిన వస్తువు. గడువు దాటినంక దాసుకుంటే దాన్నేమంటరు? అవతల ఒకాయన సూసుకుంట కూసున్నడాయె. ఒద్దు. రేపు పుస్తకం ఉంటె సదువు. లేకుంటే సామి ఒద్దన్నడనుకుంట. దవాఖానకు రాను."

"అత్తమ్మా! కన్ను పోతదన్నడు డాక్టరు."

"కన్ను నాది. మొక్కు నాది."

ఆ రాత్రి మంజుల ఎంత నిద్రపోయిందో ఆమెకే తెలియదు. ఒక పక్క అత్త మాటలో తప్పు కనబడటం లేదు. ఇంకో పక్క, దేవుడికి ఇంత పట్టింపు ఉంటుందా అని అడగాలనిపిస్తోంది. ముసలామె కన్ను కంటే ఆయనకు ఏడో అధ్యాయం ఎక్కువా? అడుగుతుంది, వెంటనే లెంపలు వేసుకుంటుంది, మళ్ళీ అడుగుతుంది.

శనివారం పొద్దున స్నానం చేసి దీపం పెట్టి పీట ముందు కూర్చుంది. బుచ్చవ్వ అప్పటికే చేతులు జోడించి కూర్చుని ఉంది. మంజుల భయపడుతూ తెర మీద వేలు ఆనించింది. ఎర్రగుట్ట బొమ్మ ఉన్న చోట బూడిదరంగు చతురస్రం. "ఈ పుస్తకం ప్రస్తుతం మీ దగ్గర లేదు. వరుసలో చేరతారా?"

"సదువు పిల్లా," అంది బుచ్చవ్వ.

మంజుల నోట మాట రాలేదు. ముసలామె తల కొంచెం పక్కకు వంచి ఆ మౌనాన్ని వింది. జోడించిన చేతులు మెల్లగా ఒడిలోకి దిగాయి.

అప్పుడు ఫోను మోగింది. తెలియని నంబరు.

"ఎత్తకు," అంది బుచ్చవ్వ అలవాటుగా.

కానీ ఇప్పుడు దాంట్లో పుస్తకం లేదు కదా! మంజుల ఫోనును పీట మీంచి కదపకుండానే వేలితో పచ్చ గుర్తును నొక్కి, స్పీకరు పెట్టింది.

"హలో! మంజుల బిడ్డేనా? నేను రాయమల్లును, నస్పూర్ నుంచి. బొగ్గుబాయిల పనిజేసి రిటైర్ అయిన. ఆసిఫాబాద్ దిక్కు అడవిల పెండ్లికి పోయిన, సిగ్నలే లేకపాయె. ఇప్పుడే బస్సు దిగి ఇంటికొచ్చి సూసిన, లైబ్రరీ మేడం రాసింది. పుస్తకం రాత్రే నా కాడికొచ్చి కూసున్నదమ్మా. మీ అత్తకు ఇయ్యాలనే సదువాల్నట గద?"

"అవును బాపూ, ఇయ్యాలనే," అంది మంజుల.

"మరి వాపస్ చేద్దామంటే ఎట్ల జేసుడో నాకు రాదు. జేసినా మీకు రాదంటుంది మేడం. గందుకే... నేను సదువుత, ఆమె ఇంటదా? నా సదువు జర మెల్లగుంటది. రోజు పేపర్ సదువుతగని, గిసొంటిది ఎన్నడు సదువలే."

మంజుల అత్త వైపు చూసింది. బుచ్చవ్వ కనుబొమలు ముడిపడ్డాయి. పీట దగ్గరికి జరిగి ఫోనుకు ఎదురుగా కూర్చుంది, మనిషి ఎదురుగా ఉన్నట్టే.

"తమ్మీ, తానం జేసినవా?"

"జేసిన అక్కా. బాయిల పనిజేసినోనికి తానం చెప్పాల్నా? దినాం మసి కడుక్కునుడే మా బతుకు."

"మీ ఇంట్ల మైల ఏం లేదు గద?"

"పెండ్లికెల్లే వచ్చిన. లడ్డూలు గూడ ఇంకా సంచిలనే ఉన్నయి."

"గది వేరే పుస్తకం గాదు గద?"

"లోకంల ఒక్కటే ఉన్నదట అక్కా. మీ కాడ ఉంటె నా కాడ ఉండది, నా కాడ ఉంటె మీ కాడ ఉండది. మేడం గట్లనే చెప్పింది."

బుచ్చవ్వ ఆలోచనలో పడింది. పుస్తకాన్ని తాము లేపలేదు. అదే లేచి పోయింది. మొదలుపెట్టింది ఆ పుస్తకంతోనే, ముగించేదీ దానితోనే. పీట కదలలేదు. ఆచారంలో ఏ ముక్క తప్పింది? చదివే మనిషి మారాడు, అంతే. పుట్టినింట్లో ఒకరికి గొంతు పోతే ఇంకొకరు అందుకునేవారు కాదా?

"ఫోను యాడ పెట్టినవ్ తమ్మీ? భూమ్మీదనా?"

"బియ్యం డబ్బ మీద పెట్టిన. పీట లేదు ఇంట్ల."

"మంచిదే. బియ్యం మీద ఎవలన్న కూసుంటరు, దేవుడు గూడ కూసుంటడు. సదువు."

రాయమల్లు గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఏదో టకటక చప్పుడు, "అరె, పుస్తకమేడ వాయె... ఆఁ దొరికింది" అన్న గొణుగుడు. అటు తర్వాత ఏడో అధ్యాయం మొదలైంది.

అది చూపులేని గొర్లకాపరి ముసలమ్మ కథ. ఎవరూ తోడు రాకపోతే రాళ్ళను చేత్తో తడుముకుంటూ ఆమె ఒక్కతే గుట్ట ఎక్కుతుంది. రాయమల్లు ఒక్కో మాటను బొగ్గు పెళ్ళను పెకలించినట్టు పెకలించి చదివాడు. ఒత్తులు వచ్చిన చోట ఆగాడు, వెనక్కి పోయాడు, మళ్ళీ ఎక్కాడు. మంజుల చదివి ఉంటే ఎప్పుడో అయిపోయేది. ముసలమ్మ గుట్ట ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో ఇతని చదువూ అంతసేపు పట్టింది. నడుమ ఫోనులో టిక్ టిక్‌మని ఇంకో చప్పుడు.

"గదేంది?"

"మీ కొడుకు. దోహా కెల్లి."

"ఆగుమను. అవ్వ గుట్ట మీదున్నది," అంది బుచ్చవ్వ.

అధ్యాయం అయిపోయింది. మంజుల హారతి వెలిగించి గంట కొట్టింది. అవతల రాయమల్లు కూడా ఒక స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతున్న చప్పుడు వినిపించింది. బుచ్చవ్వ హారతి కళ్ళకద్దుకుని, కుడి కంటికి రెండోసారి అద్దుకుంది.

"పుస్తకం లేపు పిల్లా. తమ్మీ, నువ్వు గూడ లేపు."

"నేనెట్ల లేపుత అక్కా?" అన్నాడు రాయమల్లు. "నాయి ఇంకా మొదటి ఆరు సదువుడు కాలే. మీ కోసం సివరిది ముందుగాల సదివిన."

బుచ్చవ్వ నోరు తెరిచింది. తర్వాత, ఈ మధ్య మంజుల వినని నవ్వు ఒకటి నవ్వింది. "ఓరి నీ! తోక కాడికెల్లి పట్టినవా దేవుణ్ణి? ఏం గాదు తియ్యి. మొదట్నుంచి సదువుకో. మీ ఇంట్ల ఏం మొక్కున్నది?"

"మొక్కేం లేదక్కా. మా అవ్వ ఎర్రగుట్ట కిందోళ్ళ పిల్ల. సిన్నప్పుడు సామి కథ సెప్పేది, సగం సెప్పి పనికి పోయేది. మిగిలిన సగం ఏందో ఎన్నడు ఎర్కగాలే. కరీంనగర్ల బిడ్డ ఇంటికాడ ఉన్నప్పుడు కార్డు తీస్కున్న గని, గీ పుస్తకమున్నదని మొన్ననే ఎవలో చెప్తే తెలిసింది."

ఎవరో! మంజుల పెదవి కొరుక్కుంది.

ఫోను చేతిలోకి తీసుకోగానే దాని బరువు కొత్తగా అనిపించింది. శ్రీహరికి చేసింది. "ఏందే, నీ గొంతు నీళ్ళల్లకెల్లి వస్తున్నట్టున్నది?" అన్నాడు. ఫోను రంధ్రాల్లో పసుపు పోయింది. మంజుల చీర కొంగుతో రుద్దుతూ, "అత్తమ్మ వస్తనన్నది. సోమవారం," అంది. అవతల ఆయన ముక్కు చీదిన చప్పుడు ఆ పసుపులోంచి కూడా స్పష్టంగానే వినబడింది.

సోమవారం బుచ్చవ్వను లోపలికి తీసుకుపోయారు. మంజుల బయట వరండాలో బల్ల మీద కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. తలుపు మీది ఎర్రదీపాన్ని చూడకూడదనుకుంది, చూసింది. మొక్కు తీరింది కదా, ఇంకా ఈ దడ ఎందుకు? మొక్కు తీరితే భయం పోతుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

ఫోను మోగింది.

"బిడ్డా, అక్క లోపటికి పోయిందా?" రాయమల్లు. "నేను ఇయ్యాల మొదటిది మొదలువెడుతున్న. ఒక్కన్నే సదువుకుంటె నోరు తిరుగుతలేదు. ఎవలన్న ఇంటుంటె మంచిగుంటది. నీకు తీరికున్నదా?"

"తీరికనే బాపూ. సదువుండ్రి."

ఆయన చదవసాగాడు. మంజుల ఫోనును చెవి దగ్గర పట్టుకుంది. కాసేపటికి ఒక ఒత్తు దగ్గర ఆయన బండి దిగబడింది. రెండుసార్లు లాగాడు, రాలేదు. ఆదివారం తాను చదివిన మాటే. మంజుల మెల్లగా అందించింది.

"ఆఁ, గదే," అని ముందుకు కదిలాడు.

పక్కన కూర్చున్న ఆవిడ, కంటికి పట్టీ వేసుకున్న భర్తను ఆనుకుని, అటే చూస్తోంది. "ఏందక్కా అది, రేడియోనా?"

"లైబ్రరీ పుస్తకం."

"ఫోన్లనా?" ఆవిడ అనుమానంగా ఫోనును, మంజుల బొట్టును, మళ్ళీ ఫోనును చూసింది. "మాకేం అంటగట్టవు గద?"

"అంటగట్టను గని, జర ఇటు జరుగు," అంది మంజుల, స్పీకరు నొక్కి ఫోనును ఇద్దరి నడుమ బల్ల మీద పెట్టబోతూ. ఒక్క క్షణం ఆగి, సంచిలోంచి చేతిరుమాలు తీసి పరిచింది. దాని మీద పెట్టింది.